ఒక భూగర్భశాస్త్రజ్ఞుని ఉత్తరములు

1823వ సంవత్సరము వేసవిలో చార్లెస్ లయల్ అను ఇరువదియైదేండ్ల యువకుడు ఇంగ్లండునుండి పారిసునకు పోవుచు తన సామానులో ఒక పన్ను తీసికొనిపోయెను. అది దక్షిణ ఇంగ్లండులోని ససెక్సు ప్రాంతమున రాతిపొరలలో దొరకిన పన్ను. దానిని అతని చేతికిచ్చినవాడు గిడియన్ మాంటెల్. లూయిస్ అను చిన్న పట్టణములో వైద్యము చేసికొనుచు, తీరిక దొరకినప్పుడెల్ల రాతిగనులవెంట తిరిగి శిలాజములు ఏరుకొను మనిషి. ఆ రోజులలో ఎముకల విషయమున పారిసులోని కువియే పండితుని మాటయే వేదవాక్యము. ఆ మహాపండితుడు పంటిని చూచి, ఖడ్గమృగపు పన్ను కావచ్చునని త్రోసివేసెను. మాంటెల్ నిరాశపడెను గాని పట్టు విడువలేదు. రెండేండ్లకు అది ఆకులు మేయు ఒక మహా సరీసృపముయొక్క పన్ను అని తేలి, ఇగ్వానొడాన్ అను పేరుతో లోకమునకు తెలిసెను. కువియే తన పొరపాటు ఒప్పుకొనెను.

ఆ పల్లెటూరి వైద్యునికిని, న్యాయశాస్త్రము చదువుకొనుచున్న ఆ స్కాట్లండు జమీందారు కుమారునికిని నడుమ 1821 మొదలుకొని జాబులు నడచుచుండెను. ఈ పొరలో ఏ గుల్ల దొరకెను, ఆ ఇసుకరాయి సుద్దరాతికి పైనున్నదా క్రిందనున్నదా, లండనులో ఎవరేమనుచున్నారు - ఇవి అందలి సంగతులు. ఆ కాలమున భూగర్భశాస్త్రమునకు ప్రయోగశాలలు లేవు. విశ్వవిద్యాలయములలో ఆచార్యులు ఇద్దరో ముగ్గురో. శాస్త్రమున కొంత లండనులోని భూగర్భశాస్త్ర సంఘపు సమావేశములలో జరిగెను. కొంత కొండలమీద జరిగెను. మిగిలినది తపాలాలో జరిగెను. ఈ రాత్రి నేను చెప్పదలచినది ఆ తపాలా సంగతి.

లయల్ 1797లో జన్మించి 1875లో మరణించెను. 1830 - 1833 నడుమ మూడు సంపుటములుగా ఆయన ప్రకటించిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ' అను గ్రంథము భూమి చరిత్రను చూచు విధమునే మార్చెను. నేడు మన కన్నులయెదుట వాన, నది, సముద్రము, అగ్నిపర్వతము, భూకంపము చేయుచున్న పనినే అనంతకాలము చేసి కొండలను లేపినవి, కోసినవి. దానికై అద్భుత ప్రళయములను కల్పించుకొన నక్కరలేదు - ఇది ఆయన వాదము. ఆ గ్రంథపు ముఖచిత్రము ఇటలీలో నేపుల్సు చెంత పొజ్జువోలీలో నిలిచియున్న మూడు చలువరాతి స్తంభములు. రోమనులు కట్టిన ఆ స్తంభములకు నడుమ భాగమున సముద్రపు గుల్లపురుగులు తొలిచిన రంధ్రములున్నవి. అనగా కట్టిన పిదప ఆ నేల సముద్రములోనికి దిగి, మరల పైకి వచ్చినది. స్తంభములు మాత్రము కూలలేదు. ఇంత నెమ్మదిగా నేల దిగి ఎక్కగలదని చెప్పుటకు వేఱు సాక్ష్యమెందులకు?

ఆ గ్రంథము పుట్టుక మనకు ఒక ఉత్తరమువలననే తెలియుచున్నది. 1828లో లయల్, రోడెరిక్ మర్చిసన్ దంపతులతో కలిసి ఫ్రాన్సులోని ఆరిపోయిన అగ్నిపర్వతములను చూచి, అటుపై ఒంటరిగా సిసిలీ ద్వీపమునకు పోయి ఎట్నా పర్వతమెక్కెను. తిరిగి వచ్చుచు 1829 జనవరి 15న నేపుల్సునుండి మర్చిసన్‌కు ఒక దీర్ఘమైన జాబు వ్రాసెను. తాను వ్రాయబోవు గ్రంథము ఏ సూత్రముపై నిలుచునో, నేటి కారణములే నాటికిని చాలునను మాటను ఎట్లు నిరూపింపవలెనో అందులో వివరించెను. పుస్తకము అచ్చులోనికి రాక మునుపే దాని వెన్నెముక ఒక స్నేహితుని బల్లమీదికి చేరినది.

నాటి తపాలా నేటిది కాదు. 1840కు ముందు ఇంగ్లండులో ఉత్తరపు కూలి సాధారణముగా అందుకొన్నవాడే ఇచ్చుకొనవలెను. దూరమునుబట్టి, కాగితముల లెక్కనుబట్టి వెల. అందుచేత పొదుపరులు కాగితమునిండ వ్రాసి, దానిని ప్రక్కకు త్రిప్పి, ఆ వ్రాతమీదనే అడ్డముగా మరల వ్రాసెడివారు. పార్లమెంటు సభ్యుని సంతకమున్న జాబు ఉచితముగా పోవును గనుక, సంతకము చేసిపెట్టు స్నేహితులకు గొప్ప గిరాకి. 1840 జనవరి 10నుండి అర ఔన్సు జాబు దేశములో ఎంతదూరమైనను ఒక్క పెన్నీకి పోవు ఏర్పాటు వచ్చెను. ఆ సంస్కరణమునకు వర్తకులెంత సంతోషించిరో శాస్త్రజ్ఞులును అంత సంతోషించి యుందురని నా ఊహ. రాతిముక్కలు గురించి వ్రాయువారి జాబులు పొట్టిగా ఉండవు.

లయల్ కన్నులు బలహీనమైనవి. న్యాయవాదవృత్తిని ఆయన విడుచుటకు అదియు నొక కారణము. 1832లో మేరీ హార్నర్ అను విదుషిని వివాహమాడెను. ఆమె తండ్రి లెనార్డ్ హార్నర్ కూడ భూగర్భశాస్త్రజ్ఞుడే. నిశ్చితార్థమునకును పెండ్లికిని నడుమ లయల్ లండనునుండి ఆమెకు దినచర్యవలె జాబులు వ్రాసెను. విందులు, సంఘపు తగవులు, కింగ్స్ కాలేజీలో తాను చేయు ఉపన్యాసములు, అన్నియు అందులో నుండెను. ఆ ఉపన్యాసములకు స్త్రీలను రానీయవలెనా అను చర్చ అప్పుడు జరుగుచుండెను. 1832లో రానిచ్చిరి, మరుసటి యేడు కాలేజీవారు వలదనిరి, కొలది కాలమునకే లయల్ ఆ ఉద్యోగము మానుకొనెను. పెండ్లి జర్మనీలోని బాన్ నగరమున జరిగెను. ఆపై మేరీ ఆయనకు కన్నులైనది. గ్రంథములు చదివి వినిపించుట, ఆయన చెప్పగా వ్రాయుట, ఫ్రెంచి జర్మను భాషలలో వచ్చినవానిని విడమరచి చెప్పుట ఆమె పని. గుల్లలను వేఱుచేసి గుర్తించుటలో ఆమెకు స్వంతముగా మంచి నేర్పుండెను. లయల్ ఉత్తరములని మనము చదువునవి పెక్కు ఆమె చేతి వ్రాతయే. డార్విన్ తన పెండ్లికి ముందు కాబోవు భార్యకు వ్రాసిన జాబులో ఒక సంగతి చెప్పుకొనెను: తానును లయలును అరగంటసేపు రాళ్లను గూర్చియే మాటలాడుకొనుచుండగా పాపము మేరీ సహనమూర్తివలె ప్రక్కన కూర్చుండెనట. చూచి సిగ్గుపడితినని వ్రాసెను గాని, ఆ సంభాషణలో సగము ఆమెకు అర్థమయ్యెనని ఆయనకు తోచినట్లు లేదు.

ఈ జాబులు చదువుచున్నకొలది నాకు ఒక సంగతి స్పష్టపడుచు వచ్చినది. లయల్ ఇద్దరు. ఒకడు ఉత్తరములలో మాటలాడువాడు. రెండవవాడు అచ్చులో మాటలాడువాడు. మొదటివాడు నిర్భయుడు, చమత్కారి. రెండవవాడు న్యాయస్థానమున ఎదుటి పక్షమును నొప్పింపక వాదము నెగ్గించుకొను వకీలు. 1827లోనే మాంటెల్‌కు వ్రాసిన జాబులో, ఫ్రెంచి పండితుడైన లామార్క్ గ్రంథము తాను ఆసక్తితో మ్రింగితిననియు, ఆ వాదమును చివరివరకు లాగినచో మనుష్యుడు ఒరాంగుటాన్ జాతినుండి వచ్చెనని ఒప్పుకొనవలసి వచ్చుననియు వ్రాసెను. అయిదేండ్ల పిమ్మట తన రెండవ సంపుటములో అదే లామార్క్‌ను నిపుణముగా ఖండించెను. మతగురువులు బలవంతులైన దేశమది. 1830లో తన మొదటి సంపుటమును 'క్వార్టర్లీ రివ్యూ' అను పత్రికలో సమీక్షింపబోవుచున్న స్క్రోప్ అను స్నేహితునికి లయల్ వ్రాసిన జాబు చూడుడు: బైబిలు కథనమును పట్టుకొని వ్రేలాడువారిని ఎగతాళి చేయవలదు, ఉదారులైన బిషప్పులను మెచ్చుకొనుము, అప్పుడు వారే మనవెంట వత్తురు అని ఉపాయము చెప్పెను. ఉపాయము ఫలించినది. దానిని యుక్తి యనవలెనా, పిరికితనమనవలెనా అనుటకు నేను చాలకాలము తటపటాయించితిని.

ఆయన పక్షమున ఒక సాక్ష్యము చెప్పవలెను. తన తప్పు ఒప్పుకొనుటలో లయల్ వెనుదీయలేదు. పగడపు దీవులు వలయాకారముగా నుండుటకు అడుగున అగ్నిపర్వతపు బిలముల అంచులు కారణమని ఆయన అచ్చు వేసియుండెను. ప్రపంచయాత్రనుండి 1836లో తిరిగి వచ్చిన యువకుడు డార్విన్, సముద్రపు అడుగు మెల్లగా దిగుచుండగా పగడములు పైకి పెరుగుటవలన ఆ రూపము వచ్చెనని వాదించెను. లయల్ 1837 మే నెలలో, అప్పుడు ఆఫ్రికా దక్షిణాగ్రమున నక్షత్రములను పరిశీలించుచున్న జాన్ హెర్షెల్‌కు జాబు వ్రాసి, నా సిద్ధాంతమును వదలుకొనక తప్పదు, మొదట మనసు చివుక్కుమన్నది అను భావముతో తన ఓటమిని తానే చాటెను. ఆ హెర్షెల్‌యే అంతకు ముందటి యేడు లయల్‌కు వ్రాసిన ఒక జాబులో, నశించిన జీవజాతుల స్థానమున క్రొత్తవి ఎట్లు వచ్చుచున్నవను ప్రశ్నను రహస్యములలోకెల్ల రహస్యమని వర్ణించెను. ఆ ప్రైవేటు జాబు చేతులు మారి, 1837లో చార్లెస్ బాబేజ్ గ్రంథములో భాగముగా అచ్చయ్యెను. 1859లో డార్విన్ తన 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' మొదటి పుటలోనే ఆ మాట తలచుకొనెను. రెండు ఖండముల నడుమ తిరిగిన ఒక ఉత్తరపు వాక్యము అట్లు చరిత్రలో నిలిచినది.

ఇక ఈ ఇద్దరి లయల్‌లను గూర్చి డార్విన్ ఏమనుకొనెనో చెప్పెదను. 1845లో లయల్ తన ఉత్తర అమెరికా యాత్రావృత్తాంతమును ప్రకటించెను. దక్షిణ రాష్ట్రములలోని బానిసత్వమును గూర్చి అందులో ఆయన మాట చల్లగా నున్నది. బానిసల బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేయుటను సమర్థించు ఒకరి మాటను ఏ ఆవేశము లేక చెప్పుకొనిపోయెను. బ్రెజిలులో బానిసల యాతనలను కన్నులార చూచి వచ్చినవాడు డార్విన్. 1845 ఆగస్టు 25న ఆయన వ్రాసిన జాబు మెత్తని మాటలతోనే ఆరంభమగుచున్నది: మీరు ఉత్తరములో బానిసత్వమును గూర్చి వ్రాసినది చదివి ఆనందించితిని, ఆ భావమే మీ అచ్చు పుస్తకములోను కనబడియుండిన బాగుండెడిదని. ఈ విషయమెత్తనని చెప్పి, మరు వాక్యములోనే నిలువలేక, అంతటి ఘోరమైన మాటను అంత ప్రశాంతముగా ఎట్లు వ్రాయగలిగితిరని అడిగివేసెను. ఆ యేడే తన యాత్రాగ్రంథము రెండవ కూర్పును డార్విన్ లయల్‌కు అంకితమిచ్చెను. బానిసత్వముపై తన ఆగ్రహమును వెళ్లగ్రక్కిన భాగమును ఆ కూర్పులోనే చేర్చెను. అది మీకు జవాబు కాదని ఆ జాబులోనే చెప్పుకొనెను. గురువువంటివాని తప్పును ఇంత సూటిగా చూపి, ఆ చేతితోనే గ్రంథమును అంకితమిచ్చుట సామాన్యము కాదు. దానిని భరించి స్నేహము నిలుపుకొనుటయు సామాన్యము కాదు.

1856 ఏప్రిలులో లయల్ దంపతులు డౌన్ గ్రామమున డార్విన్ ఇంటికి అతిథులై వెళ్లిరి. ప్రకృతి వరణ సిద్ధాంతమును డార్విన్ అప్పుడు లయల్‌కు విడమరచి చెప్పెను. మలయా ద్వీపములలో సంచరించుచున్న ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ వ్రాసిన ఒక వ్యాసము అంతకు ముందే లయల్‌ను కలవరపెట్టియుండెను. మీ సిద్ధాంతమును కొంచెమైనను వెంటనే అచ్చు వేయుడు, లేనిచో మఱియొకరు ముందుగా చెప్పివేయుదురని మే 1న జాబు వ్రాసెను. డార్విన్ సందేహించుచు ఒక మహాగ్రంథము మొదలుపెట్టెను. రెండేండ్లకు వాలెస్ వద్దనుండి ఒక కట్ట వచ్చెను. అందులో ప్రకృతి వరణ సిద్ధాంతమే వేఱొక చేతితో వ్రాయబడియున్నది. బాగున్నదని తోచినచో లయల్‌కు చూపుడని వాలెస్ కోరెను. 1858 జూన్ 18న డార్విన్ ఆ కట్టను లయల్‌కు పంపుచు, మీరు చెప్పినంతయు జరిగినది, నేను వెనుకబడితినని విలపించెను.

ఇందు అసలు చిక్కు న్యాయమునకు సంబంధించినది. ఇరువది యేండ్లుగా ఒకడు రహస్యముగా పెంచిన భావమును ఇంకొకడు స్వతంత్రముగా కనుగొని, ముందుగా పంపినాడు. ఇప్పుడు తొందరపడి తన వ్యాసమును అచ్చు వేసికొనుట నీచము కాదా అని డార్విన్ బాధపడెను. ఆ దినములలోనే అతని చిన్న బిడ్డ జూన్ 28న స్కార్లెట్ జ్వరముతో చనిపోయెను. భారము లయల్‌మీదను, వృక్షశాస్త్రజ్ఞుడైన హూకర్‌మీదను పడెను. వారు వెదకినది ఉత్తరముల పెట్టెలో: 1857 సెప్టెంబరు 5న డార్విన్ అమెరికాలోని ఏసా గ్రేకు వ్రాసిన జాబు ప్రతి దొరకెను. దానిని, డార్విన్ పాత వ్రాతప్రతిలోని ఒక భాగమును, వాలెస్ వ్యాసమును కలిపి జూలై 1న లిన్నేయన్ సంఘమున చదివించిరి. ప్రాథమ్యమునకు సాక్షిగా నిలిచినది తారీఖు వేసిన ఒక ఉత్తరము. వాలెస్‌ను మాత్రము అడుగలేదు. ఆయన అప్పుడు సముద్రముల కావల నుండెను. తెలిసిన పిదప ఆయన సంతోషించుచు అక్టోబరులో జాబు వ్రాసెను. అయినను అడుగక చేసిన ఏర్పాటు అడుగక చేసినదే. లయల్‌లోని వకీలు ఆనాడు తన స్నేహితుని పక్షమున నేర్పుగా నిలిచెనని నాకు తోచును.

ఆ స్నేహితుడు ప్రతిగా ఆశించినది ఒక్కటే: లయల్ నోరు విప్పి బహిరంగముగా పరిణామవాదమును అంగీకరించుట. 1863లో మనుష్యజాతి ప్రాచీనతపై లయల్ గ్రంథము వెలువడినది. గుహలలోను నదీతీరపు గులకరాళ్లలోను చెకుముకి పనిముట్లు అంతరించిపోయిన జంతువుల ఎముకలతో కలిసి దొరకినవనియు, మనుష్యుడు మనమనుకొన్నదానికంటె ఎంతో ప్రాచీనుడనియు అందు నిరూపించెను. ఆ యేడే మే నెలలో మన దేశమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ చెన్నపట్టణము చెంతనున్న పల్లావరమున మొదటి ప్రాచీన శిలాయుగపు పనిముట్టును గుర్తించెను. 1884లో ఆయనయే కర్నూలు మండలమున బిల్లసర్గం గుహలు త్రవ్వించెను. ప్రశ్న అంతటా ఒక్కటే. కాని ఆ గ్రంథములో పరిణామమును గూర్చి లయల్ మాట మరల తక్కెడలో నిలిచినది. ఇటు కొంత, అటు కొంత. డార్విన్ మార్చిలో జాబు వ్రాసి, మీరు తీర్పు చెప్పనందుకు మిక్కిలి ఆశాభంగము కలిగినదని చెప్పెను. లయల్ జవాబు నిజాయితీ గలది: నా బుద్ధి ఒప్పినంతవరకు చెప్పితిని, నా హృదయము ఒప్పినదానికంటె మించియే చెప్పితినని భావము. శివాలిక్ కొండల శిలాజములను వెలికి తీసిన ఫాల్కనర్ కూడ ఆ యేడే, తన కృషికి తగిన గుర్తింపు ఆ గ్రంథమున ఈయలేదని పత్రికలకెక్కి పోరాడెను. లయల్‌కు అది కష్టకాలము.

ఆ జవాబు చదివిన పిదప నా తటపటాయింపు తీరినది. పిరికివాడు తన హృదయము వెనుకబడియున్నదని స్నేహితునికి వ్రాసియీయడు. బానిసత్వము విషయమున మాత్రము డార్విన్ అభియోగము న్యాయమైనదే. అక్కడ లయల్ పక్షమున చెప్పదగినది నాకు కనబడుటలేదు.

1868లో, తన డెబ్బదవ యేట, 'ప్రిన్సిపుల్స్' పదవ కూర్పు రెండవ సంపుటములో లయల్ డార్విన్ సిద్ధాంతమును బాహాటముగా అంగీకరించెను. ముప్పదియేండ్లకు పైగా తాను నిలిపిన వాదమును తానే కొట్టివేసికొనెను. ఒకప్పుడు డార్విన్, ముసలి శాస్త్రజ్ఞులు క్రొత్తవానిని ఎదిరించుచుందురు గనుక అరువదియేండ్లకే మరణించుట మేలని లయల్‌తో నవ్వులాటకు అనియుండెను. లయల్ దానిని గుర్తుచేసి, ఇప్పుడైనను నన్ను బ్రతుకనిత్తురని ఆశించుచున్నానని చెప్పెనట.

1873 ఏప్రిలులో మేరీ లయల్ మరణించెను. ఆయన కన్నులు అప్పటికి దాదాపు పోయినవి. కొన్నియేండ్లుగా ఆరబెల్లా బక్లీ అను విదుషి ఆయనకు లేఖకురాలుగా నుండెను. 1881లో ఆయన ఉత్తరములను రెండు సంపుటములుగా కూర్చి ప్రకటించినది కాథరిన్ లయల్. ఆమె మేరీకి చెల్లెలు, లయల్ తమ్ముని భార్య. ఆయన వ్రాసికొన్న 294 నోటు పుస్తకములు వంశస్థులవద్దనే భద్రముగా నుండి, 2019లో చందాలు పోగుచేసి ఎడింబరో విశ్వవిద్యాలయమువారు కొనిరి.

1875 ఫిబ్రవరి 22న లయల్ కన్నుమూసెను. మరునాడు డౌన్ గ్రామమునుండి డార్విన్ జాబు వ్రాసెను. శాస్త్రమున తాను చేసినదంతయు దాదాపుగా లయల్ గ్రంథములు చదువుటవలన కలిగినదే అని అందులో చెప్పెను. నలువదియేండ్లుగా ఆ ఇంటికి డార్విన్ వ్రాసిన జాబులు ఎన్నో. దీనిపై చిరునామా మాత్రము ఆరబెల్లా బక్లీది.